సింగపూర్‌ల తాత ఏ క్యాంపుల ఉన్నడో ఎట్ల పట్టుకోవాలె? (ఫొటోలు, బిల్ల, మెస్‌టిన్, మెడల్ ఉన్నయి)

దిండి_వాగు:

దేవరకొండ దిక్కు ఊరు. మా నాయినోళ్ల నాయిన రెండో ప్రపంచ యుద్ధంల సిపాయి. సింగపూర్‌ల జపానోళ్లకు చిక్కి, 1946ల ఇంటికొచ్చిండు. ఇంట్ల అందరు చాంగీ జైలు అనే అంటరు. డిశ్చార్జి బుక్కుకు చెదలు పట్టి పోయింది. మిగిలిన సామాను ఇది:

పోస్టుకార్డు సైజు స్టూడియో ఫొటో. నిక్కరు, ఖాకీ అంగీ, పాగ. భుజం మీద ఇత్తడి అక్షరాలు, ఆఖరుకు ఇంగ్లిషుల ‘రాబాద్’ అని తెలుస్తున్నది. వెనక సికింద్రాబాద్ స్టూడియో రబ్బరు ముద్ర.

ఇంకో చిన్న ఫొటో, 6×9 సెంటీమీటర్లు. ఎనిమిదిమంది సిపాయిలు ఆకుల కప్పు గుడిసె ముంగట నిలబడ్డరు. వెనక చెట్లు వరుస పెట్టి ఉన్నయి, మొద్దుల మీద ఏటవాలుగ గాట్లు.

ఎర్రటి గుండ్రటి గుర్తింపు బిల్ల, సుతిలి ఎక్కించే తొర్ర ఉంది, నంబరు సగం అరిగింది. మడిచే పిడి ఉన్న మెస్‌టిన్ (సిపాయి తిండి డబ్బ), అడుగున మేకుతోని గీకిన ఇంగ్లిషు అక్షరాలు ‘నీసూ’ లెక్క కనబడుతయి, పక్కన 42. రిబ్బన్ లేని నక్షత్రం మెడల్, నడుమ ఇంగ్లిషుల పసిఫిక్ స్టార్ అని ఉంది.

ఆఖరుది తాత రాసిన కార్డు. గుండ్రటి ముద్రల ఎఫ్‌పీఓ అని, రెండంకెల నంబరు. రెండో అంకె సరిగ కనబడదు, తారీఖు అసలే లేదు. కార్డు అంచుకు ఎవరో ఉర్దూల ‘మెహర్ 1350’ అని రాసిండ్రు.

వీటితోని క్యాంపు పేరు తేలుతదా? ఎక్కడ మొదలు పెట్టాలె?

ఇత్తడి_బిల్ల:

మొదలు పెట్టేది కడగకుండా ఉండడంతో. చింతపండు, బూడిద, బ్రాసో, వీటిలో ఏదీ ఆ సామానును ముట్టరాదు. మేకుతో గీకిన గీత లోతు వెంట్రుకంత. పులుపు పెట్టి తోమితే మురికితో పాటు గీత అంచు కూడా కరిగిపోతుంది, ఆ తర్వాత ఏ కెమెరాకూ అది దొరకదు. ఇళ్లలో పండక్కి ఇత్తడి సామానుతో కలిపి తోమేయడం వల్లనే చాలా నంబర్లు పోయాయి. బిల్ల ఇత్తడి కాదు, అదిమిన ఫైబర్. నీళ్లలో వేస్తే ఉబ్బి పొరలు లేస్తుంది. పొడి వాటర్‌కలర్ బ్రష్‌తో దుమ్ము దులపండి, అంతే చాలు.

చదవడం ఇట్లా: రాత్రి గది చీకటి చేసి, బిల్లను నల్లగుడ్డ మీద పెట్టండి. ఫోను చేతిలో పట్టుకోవద్దు, పుస్తకాల దొంతి మీద కదలకుండా నిలపండి. ఇంకో ఫోను టార్చిని బల్లకు దాదాపు ఆనించి, పదీ పదిహేను డిగ్రీల ఎత్తు నుంచి వెలుగు పక్కవాటుగా పడనివ్వండి. ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫొటోలు తీయండి. ఒకే వెలుగులో 3కీ 8కీ, 1కీ 7కీ తేడా తెలియదు. దిక్కు మారితే నీడ మారి అంకె బయటపడుతుంది. ఆ అంకెలను చేత్తో ఒక్కొక్కటే పోటు వేసి కొట్టేవారు కాబట్టి వరుస వంకరగా ఉంటుంది. అరిగిన చోట ఊహించి పూరించకండి, ఖాళీ గీత పెట్టి రాసుకోండి.

ఎర్ర బిల్లకు జత ఉండేది, ఎనిమిది మూలల ఆకుపచ్చది. మనిషి చనిపోతే ఎర్రది తీసుకుని లెక్కకు పంపేవారు, పచ్చది దేహంతో ఉండేది. ఎర్రది ఒక్కటే మిగిలిందని కంగారు పడనక్కర లేదు, తాడు తెగితే ఏదైనా పోతుంది.

మెస్‌టిన్‌కు మొఖం పౌడరు చిటికెడు చల్లి పొడిగుడ్డతో మెల్లగా తుడవండి, గీతల్లో తెల్లగా నిలుస్తుంది. పిడి మీద, అంచు మీద తయారీ సంవత్సరం, బాణం గుర్తు ఉన్నాయేమో చూడండి. అది డబ్బా పుట్టిన ఏడాది మాత్రమే, మనిషి ఎక్కడున్నాడో చెప్పదు. ఇంత చిన్న తేడా మరిచి తప్పుదారి పట్టినవాళ్లు చాలామంది.

ఫొటోలు: పోస్టుకార్డును 600 డీపీఐలో, 6×9 దాన్ని 1200లో స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా దాచండి. వెనక వైపు కూడా రంగులో స్కాన్ చేయాలి. పెన్సిలు రాత ముందు నుంచి కనబడకపోతే ఫొటోను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టండి. ఆల్బంకు అతికి ఉంటే పీకవద్దు. లామినేషన్ అసలు వద్దు, వేడికి పైపొర కరిగి ప్లాస్టిక్‌కు అతుక్కుంటే మళ్లీ రాదు.

అన్నిటికన్నా ముందు మెడల్ తిప్పి చూడండి. బ్రిటన్ తన సైనికులకు ఈ నక్షత్రాలను పేరు లేకుండానే ఇచ్చింది. మన సిపాయిల వాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉండడం మామూలే. ఉంటే బిల్ల కన్నా అదే గట్టి సాక్ష్యం.

ఇంకొకటి, పెట్టెలో పేలని తూటా గానీ, గుండు లాంటిది గానీ కనబడితే కదపకుండా పోలీసులకు చెప్పండి.

కోటబారు_1941:

భుజం మీద ‘హైదరాబాద్’ అని ఉంటే రెండు వేర్వేరు ఫౌజుల మధ్య తికమక పడతారు. ఒకటి బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. పేరు మనదే కానీ యుద్ధం నాటికి అందులో ఎక్కువమంది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945 అక్టోబరులో అదే కుమావూన్ రెజిమెంట్ అయింది. రెండోది నిజాం సొంత ఫౌజు, హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్. దేవరకొండ మనిషి అంటే నేను రెండోదాన్నే ముందు చూస్తాను. రెండూ మలయాలో (ఇప్పటి మలేసియా ద్వీపకల్పం) ఉండడం వల్ల చిక్కు ఇంకా పెరుగుతుంది. 19వ రెజిమెంట్ నాలుగో పటాలం 12వ బ్రిగేడ్‌లో ఉండి 1942 జనవరి 7న స్లిమ్ రివర్ దగ్గర చెదిరిపోయింది. నిజాం ఫౌజులోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ మలయా ఈశాన్య మూలన కోట భారు విమానాశ్రయం కాపలాకు ఉండేది. 1941 డిసెంబరు 8 అర్ధరాత్రి దాటగానే జపాన్ దిగింది ఆ తీరంలోనే. అక్కడి 8వ బ్రిగేడ్ రైలుదారి వెంట కువాలా క్రాయ్ మీదుగా వెనక్కి తగ్గింది.

పసిఫిక్ స్టార్ ఇక్కడ బాగా పనికొస్తుంది. సైన్యంలో మలయాకు ఆ మెడల్ 1941 డిసెంబరు 8 నుంచి 1942 ఫిబ్రవరి 15 వరకు ఉన్నవారికే. ఫిబ్రవరి 16 తర్వాత మలయా సేవ బర్మా స్టార్ కిందికి పోతుంది. హాంకాంగ్‌లో పోరాడిన రాజ్‌పుత్, పంజాబ్ పటాలాలకు కూడా పసిఫిక్ స్టారే వచ్చింది కానీ భుజం మీద ‘రాబాద్’ ఉన్నవాళ్లకు ఆ దారి లేదు.

ఇక ఎనిమిదిమంది ఫొటో. గాట్లు ఏటవాలుగా, కింద చిన్న చిప్ప కట్టి ఉంటే అవి రబ్బరు చెట్లు. వరుస తోట, ఆకుల కప్పు, రెండూ మలయాకు సరిపోతాయి. కానీ దీన్ని ఖైదీల క్యాంపు ఫొటో అనుకోవద్దు. ఖైదీల చేతిలో కెమెరా ఉండదు, జపాన్ వాళ్లు వరుసగా నిలబెట్టి తీసి కాపీలు పంచిపెట్టేవారు కాదు. బట్టలు ఇస్త్రీగా, నడుముకు పటకా, కాళ్లకు పట్టీలు ఉంటే అది చిక్కకముందు, 1941లో, పటాలం దిగిన తోట. స్టూడియో ఫొటో అంతకన్నా ముందుది, సికింద్రాబాద్‌లో ఉండగా తీయించుకున్నది. అంటే మీ దగ్గరున్న రెండు ఫొటోలూ ఖైదుకు ముందువే. ఖైదు గురించి మాట్లాడేది మెస్‌టిన్ ఒక్కటే.

పాలమూరు_తపాలా:

మెహర్ 1350 అంటే నిజాం ఇలాకా ఫస్లీ క్యాలెండరుల నెల, సాలు. అక్టోబరు మొదటి వారంల ఆజూర్‌తోని కొత్త సాలు మొదలైతది. తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఆజూర్, దై, సగానికిపైగ బహమన్ వరకు ఇంగ్లిషు సాలు కోసం 590 కలపాలె, జనవరి నుంచి 591. మెహర్ పదకొండో నెల, ఆగస్టు మొదటి వారంల మొదలైతది. అంటే 1941 ఆగస్టు, సెప్టెంబరు మొదలు. ఊళ్లె పహాణీలు చూసినోళ్లకు ఈ లెక్క కొత్త కాదు. కానీ కోస్తా సర్కారు జిల్లాల ఫస్లీ వేరు, అది జులైల మొదలైతది. ఇంటర్నెట్‌ల ఆ లెక్క పట్టుకుని నెలలు తప్పు చేస్తరు.

ఆ చేతిరాత కార్డు ఊరికి చేరిన రోజుది కావచ్చు, రాసిన రోజుది కాదు. సముద్రం దాటి వచ్చిన కార్డుకు వారాలు పట్టేది. అయినా ఒకటి ఖాయం. కార్డు యుద్ధం మలయాకు రాకముందుది.

ఎఫ్‌పీఓ అంటే ఫీల్డ్ పోస్టాఫీసు. ఊరి పేరు శత్రువుకు తెలియకుండ నంబరు మాత్రమే ఉంటది. ఏ నంబరు ఏ తారీఖుల ఎక్కడుందో చూపే పట్టికలు స్టాంపులు సేకరించేటోళ్ల దగ్గర ఉన్నయి, హైదరాబాద్‌ల ఉన్న ఫిలాటెలీ సంఘాలను అడిగితే దొరుకుతయి. నంబరు ఒక్కటే చెప్తే వాళ్లు కూడ ఏం చెయ్యలేరు, ఎందుకంటే ఆఫీసు పటాలంతోని కదిలేది, ఒకే నంబరు నిరుడు ఒక దేశంల, ఇయ్యేడు ఇంకో దేశంల ఉంటది. నంబరు, తారీఖు జతగ ఇయ్యాలె. మీకు తారీఖు ఫస్లీ నుంచి దొరికింది కాబట్టి రెండో అంకె తేల్చుడే మిగిలింది. ముద్రను 1200ల స్కాన్ చేసి, ఫోన్ ఎడిటర్‌ల రంగు తీసేసి కాంట్రాస్ట్ పెంచండి. నల్ల సిరా ముద్ర కింద నీలి సిరా రాత ఉంటే ఎరుపు చానెల్ చూస్తే నీలిది మరింత నల్లగైతది, నీలి చానెల్‌ల చూస్తే నీలి రాత పలచబడి ముద్ర మిగులుతది. అదే చూడండి.

ఖైదుల నుంచి వచ్చిన కార్డులు వేరే తీరుగ ఉంటయి. జపాన్ వాళ్లు ఇచ్చిన కార్డుల మీద అచ్చు వాక్యాలు ఉండేవి: ఫలానా చోట ఉన్న, ఆరోగ్యం బాగుంది, పని చేస్తున్న అని, ఖైదీ కొట్టేసి, నింపి పంపాలె. అట్లాంటిది ఇంట్ల దేవుని పటం వెనకనో, పాత బీరువా కాగితాల కిందనో ఉందేమో వెతకండి, క్యాంపు దేశం పేరు దాని మీదనే ఉంటది. మనీయార్డరు కూపన్లు కూడ పారెయ్యొద్దు, సిపాయి జీతంల నుంచి ఇంటికి పంపినప్పుడు నంబరు, పటాలం దాని మీద రాసేటోళ్లు.

దిండి_వాగు:

అందరికి శనార్తులు. చెప్పినట్టే టార్చి పెట్టి చూసిన. మెడల్ వెనక చెక్కిన అక్షరాలు ఉన్నయి: నాలుగంకెల నంబరు, హోదా సెపాయ్‌కు పొట్టి అక్షరాలు, తాత పేరు, ‘హైద్. ఇన్ఫ్.’ బిల్ల మీద మూడంకెలు దానితోని కలిసినయి, ఒకటి అరిగింది. పేరుకు చివర ‘అయ్య’ లేదు, ఇంగ్లిషుల మూడక్షరాలు తక్కువ ఉన్నయి. తాతేనా అని అనుమానం.

మెస్‌టిన్ మీద పౌడరు చల్లినంక ‘నీసూన్’ అని పూర్తిగ కనబడ్డది. చెట్లకు చిప్పలు ఉన్నయి.

తార్నాక_దఫ్తర్:

తాతే. మూడంకెలు, పటాలం, ఇల్లు మూడూ కలిసినప్పుడు పేరు తేడా అడ్డం కాదు. భర్తీ చేసుకునే గుమాస్తా ఉర్దూలో విన్నది రాసుకున్నాడు, దాన్ని ఇంకొకరు ఇంగ్లిషులోకి మార్చారు. నర్సింహ నర్సింలు అవుతాడు, ఎల్లయ్య ఎల్లా అవుతాడు, ఇంటిపేరు రాయరు, తండ్రి పేరే రాస్తారు. ఊరి పేరూ అంతే. వెతికేటప్పుడు నల్గుండ, నల్గొండ రెండూ, దేవరకొండకు ‘డి’తో మొదలయ్యే నాలుగైదు స్పెల్లింగులు, మహబూబ్‌నగర్‌కు పాలమూర్ కూడా కొట్టి చూడాలి. పేరుతో కాకుండా నంబరు, పటాలంతో వెతకడమే మేలు.

ఇప్పుడు కాగితాల దారి. మామూలు సలహా ఆర్‌టీఐ, కానీ దాన్ని ఎవరికి వేయాలో తెలియక జనం నెలలు పోగొట్టుకుంటారు. 19వ హైదరాబాద్ మనిషైతే రాణీఖేత్‌లోని కుమావూన్ రికార్డ్స్‌కు, మద్రాస్ రెజిమెంట్ మనిషైతే వెల్లింగ్టన్‌కు, మద్రాస్ శాపర్లైతే (సైన్యం ఇంజినీర్లు) బెంగళూరుకు వేయాలి. మీది స్టేట్ ఫోర్సెస్ కాబట్టి ఇవేవీ కావు. అయినా అర్జీ తప్పు చోటికి పోయిందని భయం వద్దు. సెక్షన్ 6(3) ప్రకారం సంబంధిత ఆఫీసుకు 5 రోజుల్లో బదిలీ చేయాల్సిన బాధ్యత వాళ్లదే. రుసుం 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

అడిగే తీరు ముఖ్యం. ‘మా తాత వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే ‘పాతవి నాశనం చేశాం’ అని ఒక్క వాక్యంలో జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు. పింఛను లేని సిపాయి సర్వీసు కాగితాలు 25 ఏళ్లు, పింఛను ఉన్నవాడివి 50 ఏళ్లు ఉంచి తీసేయడమే ఆర్మీ నియమం. తీసేయనిది లాంగ్ రోల్ అనే రిజిస్టరు. కాబట్టి ‘ఫలానా నంబరు సిపాయి లాంగ్ రోల్ ఎంట్రీ నకలు’ అని అడగండి. వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తే సెక్షన్ 8(3) చూపండి. 20 ఏళ్లు దాటిన సంగతికి ఆ మినహాయింపు వర్తించదు. 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి, గడువు దాటించకండి.

స్టేట్ ఫోర్సెస్‌కు నేనైతే రెండు చోట్లకు పోతాను. ఒకటి హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్. గుర్తింపు కార్డు, ఒక అర్జీ, పటాలం పేరు, సంవత్సరాలు తీసుకుని పోండి, మనిషి పేరుతో కేటలాగ్ ఉండదు. నిజాం సర్కారు కాగితాల్లో చాలా భాగం ఉర్దూ, అందులోనూ శికస్తా చేతిరాత. మామూలు ఉర్దూ చదివేవారికి అది కొరుకుడు పడదు, పాత దఫ్తర్ రాత అలవాటున్న మనిషి కావాలి. ముందుగా ఫస్లీ 1350 నుంచి 1356 వరకు అడగండి. రెండోది ఢిల్లీలో రక్షణ శాఖ హిస్టరీ డివిజన్, యుద్ధ డైరీలు అక్కడున్నాయి. మలయా పటాలాల డైరీలు సింగపూర్ పడిపోయేటప్పుడే చాలావరకు పోయాయి కాబట్టి రోజువారీ రాత దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

జిల్లాలో కూడా వెతకాల్సింది ఉంది. నల్లగొండ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నాయనమ్మ పేరున ఎప్పుడైనా సాయం అందిందా అడగండి, అందితే ఆ ఫైల్లో డిశ్చార్జి నకలు ఉంటుంది. మాజీ సైనికుడిగా తాతకు భూమి ఇచ్చి ఉంటే తహసీల్ ఆఫీసులో లావుణి ఫైలు చూడండి. ఇంట్లో చెదలు తిన్న కాగితం నకలు సర్కారు దగ్గర దొరికే దారుల్లో అదీ ఒకటి.

కోటబారు_1941:

‘హైద్. ఇన్ఫ్.’ వచ్చింది కాబట్టి కోట భారు నుంచి సింగపూర్ వరకు దారి నిలబడింది. ఇప్పుడు నీసూన్.

ముందు చాంగీ మాట పక్కన పెట్టండి. చాంగీలో ఎక్కువగా బ్రిటిష్, ఆస్ట్రేలియా ఖైదీలు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది, 17న భారత సిపాయిలను వేరు చేసి ఫారర్ పార్కులో చేర్చారు. అక్కడి నుంచి నీసూన్, బిదాదరి, సెలెటార్, టైర్సాల్ లాంటి చోట్లకు పంపారు. నీసూన్ ద్వీపం ఉత్తరాన ఉన్న బ్రిటిష్ బారకాసులు. తిరిగొచ్చిన వాళ్లు ఊరి జనానికి సింగపూర్ ఖైదు అంటే చాలు, జనం నోట్లో అది చాంగీ అయింది. ఇంటి మాటను తప్పు పట్టనక్కర లేదు, క్యాంపు పేరుగా మాత్రం రాసుకోవద్దు.

అయితే ‘నీసూన్ 42’ అంటే 1942లో కొంతకాలం అక్కడున్నాడని మాత్రమే. మిగతా మూడేళ్లూ అక్కడే అని కాదు. అక్కడి నుంచి దారులు చీలిపోయాయి. ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారు ఒక దారి. చేరనివారిలో ఎందరినో 1943లో ఓడల్లో న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు కూలి పనికి తోలారు, అక్కడ ఆకలికీ జబ్బుకూ చాలామంది చనిపోయారు. మిగిలినవారు సింగపూర్, మలయాల్లోనే పనిచేశారు. వీటిలో తాతది ఏదో తేల్చేదాకా క్యాంపు పేరు పూర్తి కాదు.

తేల్చే ఉపాయం ఒకటుంది, తాత పేరుతో కాదు, చనిపోయిన తోటివాళ్ల పేర్లతో. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పటాలం గడిలో హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ అని, తారీఖు 1942 ఫిబ్రవరి 16 నుంచి 1945 డిసెంబరు వరకు పెట్టి వెతకండి. వచ్చిన పేర్లను తారీఖు వరుసలో ఎక్సెల్‌లో పెట్టి, స్మారకం పేరు పక్కన రాయండి. సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద ఉన్న పేరు చావు చోటు చెప్పదు, సమాధి తెలియని చాలామందిని అక్కడ రాశారు. న్యూబ్రిటన్‌లోని రబౌల్ బితా పాకా, న్యూగినీలోని ‘లే’ ఊరి సమాధులైతే చోటు చెప్పినట్టే. మీ పటాలం వాళ్లు ఒకే నెలల్లో ఒకే దీవిలో కనబడితే పనిజట్టు అటు పోయిందని తెలుస్తుంది. తర్వాత ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ ఫొటోల్లో 1945లో ఆ దీవుల్లో విడుదలైన భారత ఖైదీల చిత్రాలు చూడండి. స్టూడియో ఫొటోలోని చెవి ఆకారం, కనుబొమలు పోల్చండి, బుగ్గలు పోల్చవద్దు. మూడేళ్ల ఆకలికి మొఖం గుర్తు పట్టరాదు.

1946లో ఇంటికొచ్చాడన్న మాటను కూడా వదలకండి. ఆజాద్ హింద్ ఫౌజు వాళ్లని తేలినవారిని వెనక్కి తెచ్చాక కలకత్తా దగ్గర నీల్‌గంజ్, ఝికర్‌గాఛా లాంటి క్యాంపుల్లో విచారించి బ్రిటిష్ వాళ్ల పట్ల విధేయతను బట్టి తెలుపు, బూడిద, నలుపు అని మూడు గుంపులు చేశారు. ఆ విచారణలు 1946లోకి సాగాయి. ఆలస్యానికి ఓడలు, ఆస్పత్రి, డిశ్చార్జి కూడా కారణం కావచ్చు కాబట్టి ఇది రుజువు కాదు. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఆజాద్ హింద్ ఫౌజు ఫైళ్లను చూడండి, నమోదు ఉచితం. కలెక్టరేట్‌లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు తాత ఎప్పుడైనా అర్జీ పెట్టాడా అడగండి, పెట్టి ఉంటే క్యాంపుల పేర్లు తాతే స్వయంగా రాసిచ్చిన కాగితం అందులో ఉంటుంది.

దిండి_వాగు:

కమిషన్ వెబ్‌సైట్‌ల వెతికితే పటాలం పేరు మూడు తీర్ల వస్తున్నది. అన్ని కలపాల్నా?

కోటబారు_1941:

కలపండి, కానీ ప్రతి పేరు తెరిచి చివర ఇండియన్ స్టేట్ ఫోర్సెస్‌కు ఉన్న పొట్టి అక్షరాలు, ఐ.ఎస్.ఎఫ్., ఉన్నాయా చూడండి. లేకపోతే అది 19వ రెజిమెంట్ మనిషి కావచ్చు, పక్కన పెట్టండి. ‘అదనపు సమాచారం’ గడిలో తండ్రి పేరు, ఊరు ఉంటే వాటిని వేరే వరుసలో రాసుకోండి. నల్గుండ, దేవరకొండ పేరుతో ఎవరైనా తగిలితే ఆ ఇంటివాళ్ల దగ్గర కూడా ఇట్లాంటి కార్డులు, ఫొటోలు ఉండొచ్చు, మీ ఎనిమిదిమంది ఫొటో వాళ్లకు చూపించండి.

ఇత్తడి_బిల్ల:

చూపించడానికి అసలు ఫొటో తీసుకుపోకండి. 1200 స్కాన్‌ను 8×10 అంగుళాల మాట్ కాగితం మీద ప్రింటు వేయించి, మొఖాల మీద 1 నుంచి 8 దాకా అంకెలు వేసి పట్టుకుపోండి. ఎవరు ఏ అంకెను ఎవరన్నారో, ఏ తారీఖున అన్నారో కింద రాసుకోండి. ఒకరు చెప్పిన పేరు ఇంకొకరికి ముందే చెప్పవద్దు, చెప్తే వాళ్లకూ అదే మనిషి కనబడతాడు.